మోటారు సైకిళ్లపై చిత్రలేఖనము - పంచాయతీల కర్తవ్యము

(మాచవరములో పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



బండికి రంగు వేయుట మన పల్లెలకు క్రొత్త గాదు. ఎడ్ల కొమ్ములకును, బండి చక్రములకును రంగులు పూసి సంక్రాంతినాడు వీధులలో నడిపించిన పెద్దలు నేటికిని మన నడుమ నున్నారు. శివరాత్రికి కోటప్పకొండకు తరలు ప్రభలను చూచినవారికి పలనాటి పల్లెల అలంకార నైపుణ్యమును వేరుగ చెప్ప నక్కరలేదు. నేడు ఎడ్లబండి స్థానమున మోటారు సైకిలు నిలిచినది. దాని పెట్రోలు ట్యాంకుపై దేవతామూర్తినో, డేగనో, అగ్నిజ్వాలలనో చిత్రింపించుకొను యువకులు గలరు. ఇది వట్టి వేడుక యని మనము తీసివేయరాదు. ఇది యొక చేతివృత్తి.

ఈ వృత్తిలో పనులు రెండు విధములు. మొదటిది ఎయిర్ బ్రష్ పని. కలము వంటి ఈ పరికరమునకు కంప్రెసరు నుండి గొట్టము ద్వారా గాలి వచ్చును. మీటను నొక్కినచో గాలియు, వెనుకకు లాగినచో రంగును వెలువడును. రంగు మంచువలె సన్నని తుంపరలై పడుటచే వెలుగునీడలు మెత్తగా కలిసిపోవును. రెండవది పిన్ స్ట్రైపింగ్, అనగా సన్నగీతల పని. పొడవైన మెత్తని వెండ్రుకల కుంచెతో, ఊపిరి బిగబట్టి, ఒక్క లాగులో గీత గీయవలెను. ముంగిట ముగ్గుగీతను తెగకుండ లాగు చేతికి గల నిలుకడయే ఇందును కావలెను. మద్రాసు చెంత తిరువొత్తియూరులోని ఎన్‌ఫీల్డు కర్మాగారమున బుల్లెట్టు ట్యాంకులపై బంగారు గీతలను యంత్రముతో గాక చేతితోనే గీసిన పనివారు ప్రసిద్ధులైరి.

మన తెలుగుదేశమున ఇట్టి పనికి పునాది కలదు. విజయవాడ ఆటోనగరులో లారీలకు రంగులు వేసి, బొమ్మలు, అక్షరములు వ్రాయు చిత్రకారులు గలరు. మోటారు వాహనములకై పుట్టిన డ్యూకో రంగులను నిర్మల్ కళాకారులు తమ కొయ్యబొమ్మలకు తెచ్చుకొనిరి. గోడలపైనను, బోర్డులపైనను అక్షరములు వ్రాసి బ్రతికిన చిత్రకారుల పనిని ఫ్లెక్సీ ముద్రణ చాలవరకు హరించినది. అట్టివారి చేతిలోని నేర్పు వ్యర్థము గాకుండుటకు ఇది యొక మార్గము.

అయితే ఇందలి అపాయమును మరువరాదు. చిత్రము ముగిసిన పిదప మెరుపుకొరకు రెండు డబ్బాల ద్రవములు కలిపి పైపూత కొట్టుదురు. అందలి గట్టిపరచు ద్రవమున సాధారణముగా ఐసోసయనేటులను రసాయనము లుండును. ఆ తుంపర పీల్చిన పనివానికి ఉబ్బసము రావచ్చును. ఒకసారి వచ్చినచో, పిదప కొద్దిపాటి వాసనకే ఊపిరాడకపోవచ్చును. ముక్కుకు కట్టిన తువాలుగాని, ధూళి నాపు మాస్కుగాని దీనిని ఆపజాలదు. బయటి శుభ్రమైన గాలిని గొట్టముద్వారా అందించు ముసుగును, గాలిని వెలికి లాగు గదియు కావలెను. ఈ వసతులు లేని ఊరిలో చిత్రమును మాత్రము నీటిరంగులతో తగిన మాస్కు ధరించి వేసి, పైపూతను పట్టణములో తగిన గది యున్నచోట చేయించుట మేలు.

పాత రంగులో సీసము ఉండవచ్చును. గృహాలంకరణ రంగులలో సీసమును పదిలక్షల పాళ్లకు 90 పాళ్లకు మించనీయరాదని 2016లో కేంద్ర ప్రభుత్వము నియమములు చేసినది. కాని అవి బండ్ల రంగులకు వర్తింపవు. కనుక పాతపూతను పొడిగా గీకక, నీటితో తడిపి ఉప్పుకాగితముతో రుద్దవలెను. ఆ దుమ్ము పిల్లలకు మిక్కిలి హానికరము. థిన్నరు డబ్బాలను పొయ్యికి, బీడీకి దూరముగ నుంచవలెను.

చట్టమును కూడ ఎరుగవలెను. బండి రిజిస్ట్రేషను పత్రమున రంగు వ్రాయబడి యుండును. బండి రంగునే మార్చినయెడల రవాణా శాఖకు తెలిపి నమోదు చేయించుకొనవలెను. సైన్యపు వాహనములను పోలిన ఆలివ్ ఆకుపచ్చ రంగు రక్షణశాఖ వాహనములకే చెల్లునని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళి చెప్పుచున్నది. నంబరు పలకపై బొమ్మలు వ్రాయరాదు. ఈ సంగతులు పనివానికి తెలిసినచో, గిరాకీదారునకు తరువాత జరిమానా తప్పును.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు నాలుగు. బడికిని, అంగనవాడికిని, ఇండ్ల గుంపునకును దూరముగ పనిస్థలము చూపుట. అపాయకరమైన వృత్తులకు అనుమతు లిచ్చునపుడు గాలి, నిప్పు జాగ్రత్తలను పరిశీలించుట. రంగు కలిపిన నీరు కాలువలోను, చెరువులోను కలియకుండ చూచుట. నేర్వగోరు యువతీయువకులను గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలకు పంపి, ఖాతాలు వ్రాయుట, బ్యాంకు ఋణము పొందుట నేర్పించుట. 2023లో ఆరంభమైన కేంద్ర విశ్వకర్మ పథకపు 18 వృత్తులలో బండ్ల చిత్రలేఖనము లేదు. కనుక ఈ పనివారికి పంచాయతీ అండ మరింత అవసరము.

ఊరిలో ఒక బిడ్డ చేతిపనితో నిలద్రొక్కుకొనుట మన కందరకు సంతోషము. ఆ పనికై వాడు తన ఊపిరిని పణముగా పెట్టకుండ కాచుట మన బాధ్యత. తదుపరి గ్రామసభలో ఈ విషయమును చర్చకు తీసికొనుడని కోరుచున్నాము.