కారునకు నూనె మార్చు కాలము



బండియిరుసునకు కందెన యెప్పుడు పెట్టవలయునో మన పెద్దలు చక్రము కిఱ్ఱుమనుటను బట్టి యెఱిగెడివారు. కారు అట్లు ముందుగా చెప్పదు. ఇంజను మొఱపెట్టునప్పటికి చెఱుపు జరిగియే యుండును. నూనె నల్లబడుటయు నమ్మదగిన గుఱుతు గాదు. మసిని తనలో నిముడ్చుకొనుట దాని పనియే.

ప్యాపిలినుండి జాతీయ రహదారిమీద కర్నూలునకు పోయివచ్చు కారుకంటె, నిత్యము చేనికిని అంగడికిని రెండేసి కిలోమీటర్లు తిరుగు కారులోనే నూనె త్వరగా చెడును. ఇంజను చక్కగా వేడెక్కనందున తేమయు పెట్రోలును నూనెలో నిలిచిపోవును.

కావున కారుతో వచ్చిన పుస్తకమును చదువుడు. పెక్కు పెట్రోలుకార్లకు 10,000 కిలోమీటర్లు లేక ఒక సంవత్సరము, వీనిలో ఏది ముందు వచ్చిన నదియే గడువు. దుమ్ముదారులకును కొద్దిదూరపు ప్రయాణములకును సాధారణముగా అంతకు తక్కువ గడువే వ్రాసియుందురు, దానిని పాటింపుడు. ఎక్కువ తిరుగలేదు గదా యని యేడాది దాటనీయకుడు.