పటం వెనుక వ్రాయవలసిన పేరు



పరగోడు ప్రాంతపు కొన్ని పాత ఇళ్లలో దేవుళ్ల పటాల సరసన రంగు వెలిసిన మరొక పటం కనిపిస్తుంది. తలపాగా, బిగించిన నడికట్టు, చేతిలో చిన్న బెత్తం, వెనుక స్టూడియోవారి బొమ్మల తెర. ఎవరని అడిగితే, "ముత్తాత, యుద్ధానికి పోయినాడట" అంటారు. ఏ యుద్ధమో, ఏ పటాలమో చెప్పగలవారు అరుదు. ముఖం ఎరిగిన అవ్వ బ్రతికి ఉన్నన్నాళ్లూ ఆ మాట "పోయినాడు" అనే ఉండేది. ఆమె కన్నుమూసిన నాటినుండి "పోయినాడట" అయింది. ఆ తరువాత పటం అటకకు చేరుతుంది. ఆ ఒక్క అక్షరపు దూరంలోనే ఒక మనిషి చరిత్ర చెరిగిపోతుంది.

ఈ సీమ చరిత్రలో ఆ పటాలకు చోటున్నది. 2007లో చిక్కబళ్లాపురం జిల్లా ఏర్పడకముందు బాగేపల్లి, చింతామణి తాలూకాలు కోలారు జిల్లాలోనివి. స్వాతంత్ర్యానికి పూర్వం మైసూరు సంస్థానంలోనివి. కనుక సైన్యంలో చేరదలచిన యువకునికి రెండు త్రోవలు ఉండేవి. ఒకటి మహారాజావారి సైన్యం. రెండవది బ్రిటిష్ భారత సైన్యం. మద్రాసు శాపర్స్ కేంద్రం ఉన్న బెంగుళూరు దండు దానికి దగ్గరి ద్వారం.

మొదటి ప్రపంచయుద్ధంలో పది లక్షలకు మించిన భారతీయులు సముద్రాలు దాటారు. 1918 సెప్టెంబరు 23న పాలస్తీనాలోని హైఫా పట్టణంపై జోధపూర్, మైసూరు లాన్సర్లు దాడి చేశారు. కార్మెల్ కొండపైనున్న ఫిరంగులను పట్టుకొనే భారం మైసూరు గుర్రపు రౌతులపై పడింది. ఢిల్లీలోని తీన్‌మూర్తి కూడలిలో నిలిచిన మూడు కంచు విగ్రహాలు హైదరాబాదు, మైసూరు, జోధపూర్ దళాలకు ప్రతీకలు. ఆ కంచులో ఉన్నది దళం. మనిషి ముఖం ఇంటిగోడ మీది పటంలోనే ఉంటుంది.

రెండవ యుద్ధంలో భారత సైన్యం సుమారు 25 లక్షలకు పెరిగింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పతనమైనప్పుడు వేలాది భారత సైనికులు బందీలయ్యారు. సమాధి తెలియని మృతుల పేర్లు సింగపూరులోని క్రాంజీ స్మారకంపై 24,000కు పైగా, రంగూన్ స్మారకంపై సుమారు 27,000 చెక్కబడి ఉన్నాయి. కామన్‌వెల్త్ యుద్ధసమాధుల సంస్థవారి జాబితాలో ఆ పేర్లను నేడు ఇంటినుండే వెదకవచ్చును. అయితే తెలుగు పేరు ఇంగ్లీషు అక్షరాలలోకి మారినప్పుడు రూపు చెడుతుంది. నాలుగైదు విధాల వ్రాసి వెదకాలి. తిరిగివచ్చినవారు ఆ జాబితాలో ఉండరు. వారికి ఆధారం ఇంటి పటమూ, పెట్టెలోని కాగితాలూ.

చదువనేర్చినవారికి పటమే పత్రం. టోపీ మీద గండభేరుండం ఉంటే అది మైసూరు రాజచిహ్నం. అట్టపై స్టూడియో ముద్ర ఊరిని తెలుపుతుంది. మొదటి యుద్ధపు వెండి పతకం అంచున సైనికుని సంఖ్య, హోదా, పేరు, దళం చెక్కబడి ఉంటాయి. ఆ పతకాన్ని కరిగించినవారు పేరునే కరిగించారు. అయితే యుద్ధానికి పోయిన ప్రతివాడూ తుపాకి పట్టినవాడు కాడు. వంటవారు, కంచరగాడిదలు తోలినవారు, క్షతగాత్రులను మోసినవారు కూడా ఉన్నారు. కొందరిని శౌర్యం పంపింది, కొందరిని ఆకలి పంపింది. పరప్రభుత్వానికి పనిచేశాడని పటాన్ని దాచనక్కరలేదు. లేని వీరగాథను అల్లనూ అక్కరలేదు. తెలిసినంత వ్రాయడమే గౌరవం.

పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరం ఈ విషయంలో ఆదర్శం. మొదటి యుద్ధానికి 90 మందిని, రెండవదానికి 1,110 మందిని పంపినట్లు ఆ గ్రామం లెక్క చెప్పుకొంటుంది. "మిలిటరీ మాధవరం" అన్న పేరు తెచ్చుకొన్నది.

ప్లాటినం జూబ్లీ జరుపుకొంటున్న పాఠశాలకు ఈ పని క్రొత్త కాదు. బిడ్డ బడిలో చేరిన నాడే రిజిస్టరులో పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ వ్రాసుకొంటారు. పటానికీ అదే మర్యాద జరగాలి. అసలు పటం ఇంటిలోనే ఉండనిచ్చి, నకలు మాత్రం తీసి బడికి తేవాలి. అద్దానికి అంటుకొన్న పటాన్ని బలవంతంగా ఊడదీయరాదు, జిగురు పూయరాదు, చెమ్మగోడకు తగిలించరాదు. వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, తండ్రి పేరు, ఊరు, దళం, కాలం వ్రాసి, ఆ సంగతి ఎవరు చెప్పారో కూడా చేర్చాలి. కంటితో చూచినవారి మాట వేరు, చెవిని విన్నవారి మాట వేరు.

ఏ ఇంటిలో "పోయినాడు" అనగల అవ్వ ఇంకా ఉన్నదో, ఆ ఇంటి పిల్లలు ఈ రాత్రికే ఆమె ప్రక్కన పటం పెట్టుకొని కూర్చోవాలి.