సరకుబండికి తగిన బరువు
(మాసబ్ ట్యాంకున పంచాయితీ సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



మనము కూర్చున్న ఈ మాసబ్ ట్యాంకు ఒకప్పుడు నిజముగా చెరువే. కుతుబ్‌షాహీల కాలమున 'మా సాహెబా' పేర వెలసిన చెరువు గనుక దానికా పేరు వచ్చినది. నేడు చెరువు లేదు, పేరు మిగిలినది. చెరువులనుగూర్చి మీకు మేము చెప్పవలసిన పని లేదు. కట్ట యెంత ముఖ్యమో అలుగును అంత ముఖ్యము. కట్ట ఆపగలిగినంత నీరు నిలిచి, మిగిలినది అలుగుమీదుగా పోవలెను. 1908 సెప్టెంబరు 28న మూసీ ఈ నగరమును ముంచినప్పుడు, ఎగువ చెరువుల కట్టలు తెగుటయు ఆ వరదను పెంచినది. పల్లెలో తిరుగు సరకుబండికిని ఇట్టి హద్దు కలదు. కాని దానికి అలుగు లేదు. హద్దు మీరిన బరువును దింపవలసినవారము మనమే.

ఆ హద్దును తెలిసికొనుట కష్టము కాదు. బండి రిజిస్ట్రేషను పత్రమున రెండు అంకెలుండును. ఒకటి ఖాళీ బండి బరువు. రెండవది సరకుతోను, మనుష్యులతోను కలిపి బండి ఉండదగిన మొత్తము బరువు. రెండవదానినుండి మొదటిదానిని తీసివేసినచో మోయదగిన బరువు తేలును. డ్రైవరు బరువు, ప్రక్కన కూర్చున్నవాని బరువు ఆ లెక్కలోనివే.

2005లో వచ్చిన మొదటి టాటా ఏస్ బండి మోయదగిన బరువు 750 కిలోలు. దానిని 'చోటా హాథీ' యని ముద్దుగా పిలిచిరి. పేరు ఏనుగుదేకాని బలము ఏనుగుది కాదు. 40 కిలోల ధాన్యపు బస్తాలైనచో 18 వేయునప్పటికే 720 కిలోలగును. 50 కిలోల సిమెంటు బస్తాలైనచో 15తో సరి. ఇసుక విషయమున మోసపోవుట సులభము. ఒక ఘనపు మీటరు ఇసుక సుమారు 1,600 కిలోలు తూగును, తడిసిన మరింత. కనుక తొట్టి సగము కూడ నిండకయే హద్దు దాటిపోవచ్చును. పత్తి, వరిగడ్డి వంటివి ఇందుకు విరుద్ధము. అవి తూకమునకు తేలిక, ఎత్తునకు ప్రమాదము. కంటికి కనిపించు పరిమాణమును నమ్మక తూకమును నమ్మవలెను.

బరువు ఎక్కువైనప్పుడు బండి వెనుక క్రుంగును. అంతట చాలమంది మెకానిక్కు నొద్దకు పోయి, కమాను పట్టీలు మరి రెండు వేయింతురు. బండి మరల నిటారుగా నిలుచును. బలము పెరిగినదని తలచెదరు. ఇది భ్రమ. పట్టీలు బండిని క్రుంగకుండ నిలిపినవేకాని ఇరుసు, చక్రపు బేరింగులు, టైర్లు, బ్రేకులు, ఛాసిస్ మునుపటివే. పైగా క్రుంగుట యను హెచ్చరిక కూడ కనబడకపోవును. విరిగిన, చదునైన పట్టీలను మార్చుట మంచిదే. తయారీదారు నిర్ణయించిన దానికి భిన్నముగా బండిని మార్చుటకు మోటారు వాహనముల చట్టము, 1988లోని 52వ సెక్షను అడ్డుపడును. ఎన్ని పట్టీలు వేసినను రిజిస్ట్రేషను పత్రములోని అంకె మారదు.

టైర్లలో గాలి మరియొక ముఖ్య విషయము. గాలి తక్కువైన టైరు బరువుక్రింద నలిగి, వేడెక్కి, వేసవి ఎండలో పగులును. బండిపై వ్రాసియున్న కొలతప్రకారము, బయలుదేరక ముందు, టైరు చల్లగా నున్నప్పుడు గాలి చూడవలెను. అరిగిన టైరుతో బరువు మోయింపరాదు.

సరకు పేర్చుటయందును పద్ధతి కలదు. బరువైనవి అడుగున, తేలికైనవి పైన నుంచవలెను. బరువు వెనుక ఇరుసునకు ముందుగా, తొట్టి ముందుభాగమునకు చేరువగా నుండవలెను. అంతయు వెనుకవైపున పడినచో ముందు చక్రములు తేలిపోయి, స్టీరింగు మాట వినదు. కుడి యెడమలకు బరువు సమముగా నుండవలెను. త్రాళ్లు బిగించి, రెండు మూడు మైళ్లు పోయిన పిమ్మట ఆపి మరల బిగింపవలెను. నీటి ట్యాంకరును సగము నింపి తోలుట నిండు ట్యాంకరుకంటె తేలికయని అనుకొనరాదు. లోపలి నీరు మలుపులయందు ఒకవైపునకు పొర్లి బండిని పడద్రోయగలదు.

బరువు రెండింతలైనచో బ్రేకులు ఆపవలసిన శక్తియు రెండింతలగును. వేగము 30 నుండి 60 కిలోమీటర్లకు పెరిగినచో ఆ శక్తి నాలుగింతలగును. అందుచే బరువుతోనున్న బండి మెల్లగా పోవలెను. దిగుడు బాటలో తక్కువ గేరులోనే దిగవలెను. బ్రేకుపైనే కాలుంచినచో అది వేడెక్కి పట్టు విడుచును.

ఇక రోడ్డు మాట. 1958 నుండి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున లారీలను అదేపనిగా నడిపి రోడ్లను పరీక్షించిరి. ఇరుసుపై బరువు రెండింతలైన రోడ్డునకు కలుగు నష్టము రెండింతలు కాదు, సుమారు పదునారింతలని ఆ పరీక్షలనుండి తేలినది. బరువు ఐదవ వంతు పెరిగినను నష్టము రెండింతలగును. పంచాయితీ సొమ్ముతో వేసిన సిమెంటు బాట, వాగుపై కల్వర్టు ఎందుకు త్వరగా చెడుచున్నవో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

2019లో సవరించిన చట్టము ప్రకారము మితిమించిన బరువునకు జుల్మానా ఇరువది వేల రూపాయలు. మీరిన ప్రతి టన్నుకు మరి రెండు వేలు. అదనపు సరకును దింపించు ఖర్చుకూడ వేయుదురు. కాని జుల్మానాకంటె ప్రాణము పెద్దది. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లాలో కూలీలతో పోవుచున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడగా పదిహేనుమంది మరణించిరి. వారిలో అధికులు పత్తి చేలకు పోవు స్త్రీలు. సరకు మోయు బండి మనుష్యులకొరకు చేసినది కాదు. బస్తాలపై మనుష్యులను కూర్చుండబెట్టుట మరింత అపాయము.

రైతు కష్టమును మేమెరుగక ఇట్లు చెప్పుటలేదు. కల్లములో ధాన్యమున్నది, ఆకాశమున మబ్బున్నది, రెండవ ట్రిప్పునకు బాడుగ లేదు. అట్టివానికి బరువు తగ్గింపుమని చెప్పుట సులభము. దారి చూపుట పంచాయితీ పని. బాడుగ ట్రిప్పున కింతయని మాట్లాడుకొన్నచో రైతు ఎక్కువ వేయజూచును. బస్తా కింతయన్నచో డ్రైవరు ఎక్కువ వేయజూచును. కనుక కోతలకు ముందే రైతులను, బండ్లవారిని కూర్చుండబెట్టి, బాడుగతోపాటు ఏ బండికి ఎన్ని బస్తాలో కూడ నిర్ణయించి తీర్మానము వ్రాయించుడు. ఆ సంఖ్యను కొనుగోలు కేంద్రమువద్ద అందరు చదువునట్లు కట్టించుడు. చిన్న రైతులు ఇద్దరు ముగ్గురు కలిసి పెద్ద లారీని మాట్లాడుకొనునట్లు చూడుడు. బలహీనమైన కల్వర్టుల నొద్ద, ఇంజనీరు చెప్పిన బరువును పలకపై వ్రాయించుడు. పంచాయితీ పనులకు కంకర, ఇసుక తోలువారికి ఈ షరతును ఒప్పందములోనే పెట్టుడు.

అన్నింటికంటె ముందు మన ఇంటినుండి మొదలుపెట్టవలెను. 2019లో ప్రారంభమైన పల్లె ప్రగతితో తెలంగాణ గ్రామ పంచాయితీలకు ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు వచ్చినవి. పంచాయితీ ట్రాలీయే పొంగిపొరలునట్లు నిండి, వెనుక ఎర్ర రేడియం పట్టీయైన లేక చీకటిలో పోవుచుండగా, ఊరివారికి చెప్పు హక్కు మనకెక్కడిది? ఈ వారమే ఆ బండ్ల పత్రములు తీసి, రెండు అంకెలు చూచి, మోయదగిన బరువును తొట్టిపై తెలుగున పెద్ద అక్షరములతో వ్రాయించుడు. దానిని మొదట మన డ్రైవరు పాటించిననాడు ఊరు తానే పాటించును.