చేపా, చిప్సూ: ఇంట్లోనూ, ప్రయాణంలోనూ

(మన సంఘం వార్షిక కుటుంబ సమ్మేళనంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఇంతవరకు మాట్లాడిన పెద్దలు డి.ఏ. బకాయిల గురించీ, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంట్ గురించీ విపులంగా చెప్పారు. నన్ను భోజనాలకు ముందు ఒక పావుగంట మాట్లాడమన్నారు. ఆకలి మీద ఉన్న సభకు తిండి కబుర్లు చెప్పడమే మర్యాద అనుకుని ఈ విషయం ఎంచుకున్నాను.

ఫిష్ అండ్ చిప్స్ అనేది ఇంగ్లీషువారి సామాన్య భోజనం. దీనితో మనకేం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. మనలో చాలామంది పిల్లలు ఇంగ్లండులోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్నారు. మూడు నెలలకో, ఆరు నెలలకో మనం అక్కడికి వెళుతున్నాం. వాళ్లు సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లి ఈ పొట్లం చేతిలో పెడతారు. అందులో ఏముందో తెలిసి తినాలి. ఇక ఇక్కడ ఉన్నప్పుడు బి.పి., షుగరు అంటూ మన కంచంలోంచి ఒక్కొక్కటీ తీసేస్తున్నారు. పథ్యం పేరిట అన్నీ మానేసి నిట్టూర్చడమూ మంచిది కాదు, అదుపు లేకుండా తినడమూ మంచిది కాదు. ఈ రెంటికీ మధ్య దారి ఉందని చెప్పడమే నా ఉద్దేశం.

ఏమిటీ వంటకం?

ముందుగా ఒక మాట. చిప్స్ అంటే మనకు పాకెట్లలో దొరికే పల్చటి కరకరలాడే బిళ్లలు గుర్తుకొస్తాయి. వాటిని ఇంగ్లండులో క్రిస్ప్స్ అంటారు. అక్కడ చిప్స్ అంటే బంగాళాదుంపను వేలెడు లావున నిలువుగా కోసి వేయించిన ముక్కలు. పైన కాస్త గట్టిగా, లోపల వెన్నలా మెత్తగా ఉంటాయి. చేప సంగతి మన వాళ్లకు ఒక్క మాటలో చెప్పాలంటే బజ్జీ. మనం శనగపిండిలో మిరపకాయ ముంచినట్టు వాళ్లు మైదా జారులో ముల్లు తీసిన చేప ముక్క ముంచి నూనెలో వేస్తారు. కారం, మసాలా ఉండవు. ఉప్పు, వెనిగరు చల్లుకుని తింటారు. పక్కన బఠాణీలు ఉడికించి మెదిపిన ముద్ద ఉంటుంది. వాటిని మనం శనగలు నానబెట్టినట్టే రాత్రంతా వంటసోడా వేసి నానబెడతారు.

దీని పుట్టుక గురించి వాళ్లలో వాళ్లకే తగాదా ఉంది. 1860 ప్రాంతంలో లండను తూర్పు భాగంలో జోసెఫ్ మాలిన్ అనే యూదు వర్తకుడు మొదలుపెట్టాడని కొందరంటారు. కాదు, 1863 ప్రాంతంలో లాంకషైరులోని మోస్లీ సంతలో జాన్ లీస్ అనే ఆయన చెక్క కొట్టులో మొదలుపెట్టాడని ఉత్తరాదివారు అంటారు. వేయించిన చేప మాత్రం అంతకు ముందే ఉంది. స్పెయిను, పోర్చుగలు దేశాలనుంచి వచ్చిన యూదులు తెచ్చిన వంట అది. 1837లో రావడం మొదలైన డికెన్సు నవల ఆలివర్ ట్విస్టులోనే వేయించిన చేపల దుకాణం ప్రస్తావన ఉంది.

మరి ఊరూరా ఎలా పాకింది? రైళ్లూ, ఆవిరి పడవలూ వచ్చి ఉత్తర సముద్రపు చేపను చెడిపోకముందే మిల్లుల ఊళ్లకు చేర్చాయి. బట్టల మిల్లుల్లో భార్యాభర్తలిద్దరూ పనికి పోయేవారు. సాయంత్రం ఇంటికొచ్చి పొయ్యి రాజేసే ఓపిక ఉండేది కాదు. కొద్ది డబ్బుతో ఇంటిల్లిపాదికీ వేడి తిండి దొరికేది ఈ కొట్టులోనే. 1937లో వచ్చిన తన పుస్తకంలో జార్జి ఆర్వెల్, విప్లవం రాకుండా ఆపిన చవక సుఖాల జాబితాలో దీన్ని కూడా చేర్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ మాంసం, వెన్న, పంచదార అన్నిటికీ రేషను పెట్టారు గాని ఫిష్ అండ్ చిప్సుకు పెట్టలేదు. ఇది దొరక్కపోతే జనం ధైర్యం జారిపోతుందని ప్రభుత్వం భయపడింది. సామాన్యుడి నాలుక మీది రుచికి అంత విలువ ఉందన్నమాట. అది మనమూ గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు అది మునుపటంత చవక కాదు. ఐస్‌లాండు తన సముద్రపు హద్దును 1958 నుంచి పెంచుకుంటూ పోయి 1975లో 200 మైళ్లకు చేర్చింది. ఆ తగాదాలను కాడ్ యుద్ధాలన్నారు. 1976లో బ్రిటను తగ్గింది. 1992లో కెనడా తన న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేపల వేటనే ఆపేసింది, ఎందుకంటే పట్టీ పట్టీ చేప కరువైంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి పొద్దుతిరుగుడు నూనె, చేప, కరెంటు మూడూ ప్రియమయ్యాయి. చాలా పాత కొట్లు మూతపడ్డాయి. సముద్రం కూడా మన ప్రావిడెంటు ఫండు లాంటిదే. తీసుకుంటూ పోతే అయిపోతుంది.

ప్రయాణంలో

మా అమ్మాయి లీడ్సులో ఉన్నందువల్ల నేను రెండు పర్యాయాలు యార్క్‌షైరు వెళ్లాను. అక్కడి కొట్ల ముందు నిలబడి నేర్చుకున్న నాలుగు సంగతులు చెబుతాను.

మొదటిది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఏ నూనెలో వేయిస్తున్నారో అడగండి. యార్క్‌షైరులోనూ, స్కాట్లాండులోనూ చాలాచోట్ల నూనె వాడరు, గొడ్డు మాంసపు కొవ్వు వాడతారు. దాన్ని బీఫ్ డ్రిప్పింగ్ అంటారు. వాళ్లకు అదే రుచి, దాన్ని తప్పు పట్టనక్కరలేదు. కాని జీవితమంతా ఒక నియమం పాటించినవారికి ముందే తెలియాలి కదా! మన సభ్యులొకరు సగం తిన్నాక అల్లుడు చెబితే విని, రెండు రోజులు సరిగ్గా భోజనం చేయలేకపోయారు. శాకాహారులైన మిత్రులూ జాగ్రత్త. ఉత్త చిప్స్ తింటున్నాం కదా అనుకోవద్దు. అదే కొవ్వులోనో, చేప వేసిన నూనెలోనో వాటిని వేయించి ఉండవచ్చు. కొన్ని చోట్ల జారు బీరుతో కలుపుతారు. మద్యం ముట్టనివారు, ముస్లిం మిత్రులు అదీ అడగాలి. అడగడానికి సిగ్గుపడవద్దు. కౌంటరు దగ్గర రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, వాళ్లు చక్కగా చెబుతారు.

రెండోది, ఏ చేప? దక్షిణాన కాడ్, యార్క్‌షైరు, స్కాట్లాండులలో హాడక్ ఎక్కువ. రెండూ తెల్లని కండ, రేకులు రేకులుగా విడుతుంది, నీచు తక్కువ. ఆస్ట్రేలియా వెళితే విక్టోరియా రాష్ట్రంలో ఫ్లేక్ అంటారు, అది చిన్న సొరచేప. అక్కడే బారమండి అనే చేప గొప్పగా అమ్ముతారు. పేరు చూసి కొత్తదనుకోకండి, అది మన పండుగప్పే! పదివేల కిలోమీటర్ల దూరంలో చుట్టం కనబడినట్టు ఉంటుంది.

మూడోది, పరిమాణం. వాళ్ల మామూలు పొట్లం మన ఇద్దరికి సరిపోతుంది. చాలా కొట్లలో మధ్యాహ్నం వేళ పెన్షనర్లకని చిన్న ప్లేటు తక్కువ ధరకు ఇస్తారు. ఉన్నదా అని అడగండి. పెన్షనరు అనే మాట పలకడానికి మనకు మొహమాటమేమిటి?

నాలుగోది, వేడిగా ఉండగానే తినాలి. మూత పెడితే ఆవిరికి పైపొర మెత్తబడి చెప్పు తోలులా అవుతుంది. ఇంటికి పట్టుకెళ్లి తిందామనుకుంటే సగం రుచి పోయినట్టే. బీచి దగ్గర బెంచీ మీద తింటే మాత్రం పైన ఒక కన్నేసి ఉంచండి. అక్కడి సీగల్ పక్షులు మన గుడి కోతులకు అన్నగార్లు. చేతిలోది తన్నుకుపోతాయి.

మన దేశంలో తిరిగేటప్పుడు కోల్‌కతా వెళితే భెట్కీ ఫిష్ ఫ్రై తప్పక రుచి చూడండి. అదీ పండుగప్పే, బ్రెడ్డు పొడి అద్ది వేయిస్తారు. విశాఖ బీచిలో మసాలా పట్టించిన చేప వేపుడు దొరుకుతుంది. కళ్ల ఎదుట వేయించి ఇచ్చే చోట, జనం తిరిగే చోట తినండి. నూనె నల్లగా, నురగగా ఉంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో సముద్రపు తాజా చేప అరుదు. అప్పుడు చెరువు చేపే నయం. ఎప్పుడో వేయించిన చేపను ఎండాకాలంలో రైల్లో తినడం ఏ వయసులోనూ మంచిది కాదు, మన వయసులో అసలే కాదు.

ఇంట్లో

ఇక ఇంటివద్ద. ఇద్దరు మనుషులకు చెబుతాను, ఎందుకంటే మన ఇళ్లలో ఇప్పుడు మిగిలింది ఇద్దరమే. మగవారు కూడా రాసుకోవచ్చు. ముప్ఫై అయిదేళ్లు ఫైళ్లు కదిపిన చేయి గరిటె కదపలేదా?

చేప: పండుగప్ప శ్రేష్ఠం. వంజరం, చందువ కూడా బాగుంటాయి. చవకలో కావాలంటే మన కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో పెంచే పంగాసియస్‌కు ముళ్ల బాధ తక్కువ. బొచ్చె, శీలావతి పులుసుకే గాని దీనికి పనికిరావు, సన్న ముళ్లు ఎక్కువ. కొనేటప్పుడు కళ్లు తేటగా, మొప్పలు ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. తోలు, ముల్లు తీయించి ఒక్కొక్కటి 125 గ్రాముల చొప్పున రెండు ముక్కలు తీసుకోండి.

దుంప: 300 గ్రాములు. ఫ్రిజ్‌లో పెట్టినవి వద్దు, చలికి తియ్యబడి వేగకముందే నల్లబడతాయి. వేలెడు లావున కోసి రెండు మూడు నీళ్లు కడిగి గంజి పోగొట్టండి. ఉప్పు నీళ్లలో అయిదు నిమిషాలు ఉడికించి, వార్చి, గుడ్డ మీద పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత ఒక మాదిరి వేడి నూనెలో రంగు రాకుండా వేయించి తీసి చల్లార్చండి. తినే ముందు నూనె బాగా కాగాక రెండు మూడు నిమిషాలు మళ్లీ వేయించాలి. మొదటి వాయి లోపలిని మెత్తబరుస్తుంది, రెండో వాయి పైపొరను గట్టిపరుస్తుంది. ఈ రెండు వాయిల్లోనే రహస్యమంతా ఉంది.

జారు: 80 గ్రాముల మైదా, రెండు చెంచాల బియ్యప్పిండి, అర చెంచా బేకింగ్ పౌడరు, చిటికెడు ఉప్పు. ఫ్రిజ్‌లో చల్లబరచిన సోడా పోస్తూ దోసెల పిండికంటె కాస్త చిక్కగా, చివరి నిమిషంలో కలపండి. ఎక్కువ కలిపితే మైదా సాగి పైపొర గట్టిపడుతుంది. సోడాలోని గాలి బుడగలే కరకరలాడించేవి. చేప ముక్క తడి బాగా అద్ది, పొడి పిండి పూసి, జారులో ముంచి, మీ వైపు కాకుండా అవతలికి వాలేట్టు నూనెలో జారవిడవండి. జారు చుక్క వేస్తే అడుక్కు పోయి వెంటనే పైకి తేలితే నూనె సరిగ్గా కాగినట్టు. అయిదారు నిమిషాల్లో బంగారు రంగు వస్తుంది. కాగితం మీద కాకుండా జల్లి మీద ఆరబెడితే అడుగు మెత్తబడదు. పైన నిమ్మకాయ పిండుకోండి. మిరియాలపొడి, సన్నగా తరిగిన కీరా కలిపిన గట్టి పెరుగు పక్కన పెట్టుకుంటే వాళ్ల సాసుకు తీసిపోదు. బఠాణీ ముద్దలో పచ్చిమిర్చి వేసుకుంటే ఇంగ్లండు రాణిగారు కూడా కాదనేవారు కాదు.

శాకాహారులు ఇదే జారులో పనీరు, అరటికాయ, వంకాయ వేయించుకోవచ్చు. మూకుడు మాత్రం వేరుగా పెట్టుకోండి.

ఇప్పుడు జాగ్రత్తలు. మూకుడులో నూనె సగానికి మించి పోయవద్దు. స్టవ్వు దగ్గరనుంచి ఫోను కోసం కదలవద్దు. నూనె అంటుకుంటే ఎంతమాత్రం నీళ్లు పోయకండి. స్టవ్వు ఆపి, మూత పెట్టి, దూరంగా జరగండి. వాడిన నూనె పదే పదే కాచవద్దు. నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వంటకు పనికిరాదని 2018 జులై 1 నుంచి మన దేశంలో నిబంధన ఉంది. ఇంట్లో కొలిచే సాధనం ఉండదు కనుక రంగు, వాసన మారితే పారబోయడమే మేలు. కట్టుడు పళ్లు ఉన్నవారికి ముల్లు నోట్లో తెలియదు, కాబట్టి ముక్కను వేళ్లతో విడదీసి చూసుకుని తినండి. గొంతులో ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగమంటారు. అలా చేస్తే ముల్లు ఇంకా లోతుకు దిగవచ్చు. డాక్టరు దగ్గరకు వెళ్లండి.

ఎన్నిసార్లు తినాలి? చేప మంచిదే, నూనే ఉప్పే గడుసువి. నెలకోసారి, ఒక ముక్క, గుప్పెడు చిప్స్, కంచం నిండా కూర ముక్కలు చాలు. ఆ రోజు రాత్రి తేలికగా తినండి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు తమ డాక్టరు మాటే వినాలి, నా మాట కాదు.

మిత్రులారా, వయసు మళ్లాక తిండిని మందుల చీటీలా చూడడం మనకు అలవాటైపోయింది. ఇది తినకూడదు, అది ముట్టకూడదు అనుకుంటూ చివరికి ఒక్కరమే కూర్చుని, ఏదో మింగామనిపిస్తున్నాం. జోడును పోగొట్టుకున్న మిత్రులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. వారిలో కొందరు పొద్దున్న వండుకున్నదే రాత్రికీ తింటున్నారని నాకు తెలుసు. అలాంటి మిత్రుణ్ణి నెలకొక్కసారి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, రెండు వేడి ముక్కలు కంచంలో వేయండి. చేపే కానక్కరలేదు, అరటికాయ బజ్జీ అయినా సరే. మనం సంఘం పెట్టుకున్నది అర్జీలు పెట్టడానికి ఒక్కదానికే కాదు కదా!

భోజనాల గంట కొట్టే వేళయింది.