పాట మీద సంతకం పెట్టే ముందు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇలాంటి సభలో జ్ఞాపకాలు చెప్పుకోవడం ఆనవాయితీ. నా తర్వాత మాట్లాడేవారు ఆ పని నాకంటే బాగా చేస్తారు. నేను వకీలుగా ఒక్క విషయం చెప్పి కూర్చుంటాను. ఈ మధ్య మన బడిలో చదివిన పిల్లలు ఒకరిద్దరు కాగితాలు పట్టుకొని నా దగ్గరికి వచ్చారు. వాళ్లు పాటలు రాస్తారు, పాడతారు. యూట్యూబ్‌లో పాటలు విడుదల చేసే చిన్న మ్యూజిక్ కంపెనీలు వాళ్లకు అగ్రిమెంట్లు పంపాయి. "సంతకం పెట్టమంటారా సార్?" అని అడిగారు.

మన నేలకు పాట కొత్త కాదు. సుద్దాల హనుమంతు గారు సాయుధ పోరాట కాలంలో జనం మధ్య పాడారు. వారి కుమారుడు అశోక్ తేజ గారు సినిమా పాటకు జాతీయ అవార్డు తెచ్చారు. పాలమూరు బిడ్డ గోరటి వెంకన్న గారికి 2021 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. హనుమంతు గారి తరానికి పాట జనంలోకి పోతే చాలు. ఇప్పుడు పాట వెంట పైసలు కూడా నడుస్తున్నాయి, అందుకే "ఇది ఎవరిది?" అన్న ప్రశ్న వస్తున్నది. 2021లో 'సారంగ దరియా' పాట వచ్చినప్పుడు చూశాం. జానపదం ఆధారంగా అశోక్ తేజ గారు రాసిన ఆ పాటను తాను సేకరించానని ఒక గాయని ముందుకొచ్చారు. చివరికి ఆమెకు గుర్తింపు ఇస్తామని దర్శకుడు ప్రకటించారు. తాతల నాటి పాటను ఎవరైనా పాడుకోవచ్చు. కానీ మీరు కొత్తగా కట్టిన చరణాలు మీవి, రికార్డింగు మీద హక్కు వేరు.

పిల్లలు ముందు తెలుసుకోవాల్సింది ఇదే. ఒక పాటలో ఒక హక్కు కాదు, నాలుగు ఉంటాయి: సాహిత్యం, బాణీ, గొంతు, రికార్డింగు. సాహిత్యం, బాణీల మీద హక్కు కవి, స్వరకర్తల జీవితకాలం, ఆపైన 60 ఏండ్లు. పాడినవారి హక్కు 50 ఏండ్లు. రికార్డింగు మీద హక్కు 60 ఏండ్లు. కంపెనీ ఏది అడుగుతున్నదో కాగితంలో వెతకండి. "సర్వహక్కులూ" అని ఉంటే కలం కింద పెట్టండి.

చట్టం మన పక్షాన కొంత ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే 5 ఏండ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును కంపెనీ ఏడాదిలోగా వాడకపోతే, అగ్రిమెంటులో వేరే మాట లేనప్పుడు, అది రద్దవుతుంది. 2012 సవరణ తర్వాత కవి, స్వరకర్త హక్కులు రాసిచ్చినా, రాయల్టీలో తమ సమాన వాటా అడిగే హక్కు వారికే ఉంటుంది. ఆ రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకోవాలి.

ఇక లెక్క. లక్ష రూపాయల అడ్వాన్సు, మీ వాటా 25 శాతం అనుకోండి. ఆ లక్ష మీ వాటాలోంచే మినహాయిస్తారు. అంటే పాట 4 లక్షలు సంపాదించేదాకా మీ చేతికి మరో రూపాయి రాదు. షూటింగుకు పెట్టిన 2 లక్షలు కూడా మీ వాటాలోంచే కోస్తే, 12 లక్షలు రావాలి. అడ్వాన్సు బహుమతి కాదు, ముందే తీసుకున్న కూలి.

అలాగని కంపెనీలన్నీ దొంగలని నేను అనను. స్టూడియో, వీడియో, లక్షల మంది చూసే ఛానెల్ ఊళ్లో ఉన్న పిల్లవాడికి ఎక్కడివి? అవి నిజంగా ఇచ్చేవారైతే వాటా ఇవ్వడం న్యాయమే. పేరొక్కటే కూడు పెట్టదు కూడా. నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర మొగులయ్య గారు 'భీమ్లా నాయక్'లో పాడారు, 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో ఆయన కూలి పనికి వెళ్తున్నారని పత్రికల్లో చదివాం.

అమెరికాలో టేలర్ స్విఫ్ట్ చిన్న వయసులో ఒక స్వతంత్ర లేబుల్‌తో ఒప్పందం చేసుకుంది. 2019లో ఆ కంపెనీ చేతులు మారినప్పుడు ఆమె మొదటి ఆరు ఆల్బముల మాస్టర్ రికార్డింగులు కూడా దానితో పోయాయి. పాటలు తనే రాసుకున్నది కాబట్టి 2021 నుంచి నాలుగింటిని మళ్లీ పాడి విడుదల చేసింది. 2025లో పాత మాస్టర్లను కొనుక్కుంది. అంత సొమ్ము మన పిల్లలకు లేదు. అందుకే ముందే అడగాలి.

నా సలహా ఇది. మొదట ఒక్క పాటకే ఒప్పుకోండి, రాబోయే పాటలన్నీ కట్టబెట్టకండి. హక్కులు అమ్మకుండా మూడు నుంచి ఐదేండ్లకు లైసెన్సు ఇవ్వండి. ఆరు నెలలకోసారి లెక్క చూపాలని, పేరు వేయాలని, జాతరలో, సభలో మీ పాట మీరు పాడుకోవచ్చని, కంపెనీ అమ్ముడైతే మీకు ముందే చెప్పాలని రాయించుకోండి. ఇవి అడిగితే మొహం మాడ్చుకునే కంపెనీతో ఐదేండ్లు కలిసి నడవలేరు. "రేపటిలోగా పెట్టాలి" అంటే ఇంకా నెమ్మదిగా చదవండి.

మన సంఘానికి ఒక విన్నపం. ఈ బడి నుంచి వకీళ్లు, ఆడిటర్లు, ఇంగ్లిషు టీచర్లు ఎందరో తయారయ్యారు. ఏ పిల్లవాడైనా కాగితం తెస్తే ముగ్గురం కూర్చుని తెలుగులో విడమర్చి చెబుదాం. ఫీజు వద్దు. నా పేరు మొదట రాసుకోండి.