బీరువాలోని తుపాకీ
(డర్బన్ సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను చెరకుతోటల పనికి 1902లో ఓడ దిగిన తాతగారి మనుమణ్ణి. అవ్వ మాట్లాడిన తెలుగు చిన్నప్పుడు చెవిన పడింది గాని, చదవడం, రాయడం ముప్పై ఏళ్ళు దాటాక సాయంకాలపు తరగతిలోనే నేర్చుకున్నాను. నా మాటలో తప్పులు దొర్లితే పెద్దలు మన్నించాలి.

పాటలు, నాట్యాలు జరిగే చోట తుపాకుల మాట ఎందుకు మాస్టారూ అని కార్యదర్శిగారు అడిగారు. కారణం చెప్తాను. ఒకనాడు తరగతిలో "భద్రం" అనే మాట నేర్పుతున్నాను. ఆ మాటతో వాక్యం చెప్పమంటే ఎనిమిదేళ్ళ పిల్లవాడు లేచి, "మా నాన్న తుపాకీ బీరువాలో భద్రంగా ఉంది" అన్నాడు. వ్యాకరణం సరిగా ఉంది, మార్కు వేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒకప్పుడు నేను కూడా అలాగే అనుకున్నాను.

1993లో నేను పిస్తోలు కొన్నాను. ఎన్నికల ముందు రోజులు ఎలా గడిచాయో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వీధిలో అందరూ కొన్నారు, నేనూ కొన్నాను. బీరువాలో చీరల అడుగున దాచాను. నాలుగేళ్ళలో ఒక్కసారైనా బయటికి తీసే అవసరం రాలేదు. 1997లో మేము పెళ్ళికి వెళ్ళి వచ్చేసరికి ఇల్లు దోచుకుని ఉంది. నగలు పోయాయి, టేప్ రికార్డరు పోయింది, పిస్తోలు పోయింది. దొంగ భయానికి కొన్న దానిని దొంగే పట్టుకుపోయాడు. నగల కోసం మా ఆవిడ ఒక నెల బాధపడింది. పిస్తోలు సంగతి మాత్రం నన్ను ఇప్పటికీ వదలలేదు. అది ఎవరి చేతికి చేరిందో, ఎవరి మీద పేలిందో నాకు తెలియదు. పత్రికలో కాల్పుల వార్త చూసినప్పుడల్లా, నాదేనేమో అనుకుంటాను.

ఇది నా ఒక్కడి కథ కాదు. ఈ దేశంలో నేరగాళ్ళ చేతిలోని తుపాకులలో చాలా భాగం మొదట లైసెన్సుతో కొన్నవే, లేదా ప్రభుత్వ ఉద్యోగులకు ఇచ్చినవే. ఇండ్లలోంచి, కార్లలోంచి, కాపలాదారుల నడుము నుంచి, ఆఖరికి పోలీసు గిడ్డంగుల నుంచి జారి అవతలి వైపు చేరతాయి. నాశనం చేయవలసిన తుపాకులను ముఠాలకు అమ్మిన ఒక మాజీ పోలీసు కర్నలుకు 2016లో 18 ఏళ్ళ శిక్ష పడింది. అవి సుమారు 2,000. కంచే చేను మేస్తే ఇంకేం చెప్పాలి?

అయితే చట్టం వల్ల ఏమీ కాదనే మాట నిజం కాదు. 1969 నాటి పాత చట్టం కింద లైసెన్సు ఒకసారి వస్తే జీవితాంతం చెల్లేది. 2000 సంవత్సరంలో ఫైర్‌ఆర్మ్స్ కంట్రోల్ చట్టం వచ్చింది, 2004 జులైలో పూర్తిగా అమలులోకి వచ్చింది. తుపాకీ కావాలంటే సామాన్యంగా 21 ఏళ్ళు నిండాలి, శిక్షణ పొందాలి, అర్హత పత్రం తెచ్చుకోవాలి, ఇంట్లో ఇనుప పెట్టె ఉండాలి. ఆత్మరక్షణకైతే ఒక్కటే తుపాకీ, అయిదేళ్ళకొకసారి లైసెన్సు తిరిగి రాయించుకోవాలి. ఆ కొత్త నిబంధనల రోజుల్లో, 2001 నుంచి 2005 వరకు, డర్బన్‌తో సహా అయిదు నగరాల మృతుల లెక్కలను పరిశోధకులు పరిశీలించారు. తుపాకీ హత్యలు ఏటేటా తగ్గాయి. 4,585 ప్రాణాలు నిలిచాయని వారి అంచనా 2014లో అచ్చయింది. అంత చిన్న సభ కాదు మనది, అయినా ఈ హాలు ఎన్నిసార్లు నిండితే అంతమంది అవుతారో ఆలోచించండి.

దేశం మొత్తం మీద హత్యలు 1990ల మధ్యలో ఏడాదికి 26,000 పైచిలుకు. 2011-12 నాటికి సుమారు 15,500కు దిగాయి. తరువాత అమలు సడలింది, లంచాలు పెరిగాయి. 2022-23లో 27,000 దాటాయి. ఇందుకు కారణాలు పలు ఉన్నాయి, తుపాకీ ఒక్కటే కాదు. కాని చంపే సాధనాలలో అదే ముందు నిలిచింది. చట్టాన్ని పట్టుకున్నప్పుడు ఫలితం దక్కింది, వదిలినప్పుడు చేజారింది.

ఇక 2021 జులై. ఈ మాట మన సభలో ఎవరూ ఎత్తరు. నేను ఎత్తుతున్నాను. దుకాణాలు తగలబడుతున్నాయి, పోలీసులు రాలేదు, మన వీధులలో భయం నిజమే. నేను కూడా గేటు దగ్గర రాత్రంతా మేలుకున్నవాణ్ణే. కాని ఫీనిక్స్‌లో 36 మంది చనిపోయారు. వారిలో చాలామంది నల్లజాతి సోదరులు, చాలామంది తుపాకీ దెబ్బకే. కర్రలతో కాపలా కాసిన వీధులలో మరునాడు తగువులు తీర్చుకోవడానికి మనుషులు మిగిలారు. తుపాకులున్న చోట శవాలు మిగిలాయి. ఆ తల్లుల ముందు మన భయాన్ని సాకుగా ఎలా చెప్పగలం?

అందుచేత కొన్ని ప్రతిపాదనలు మీ ముందు ఉంచుతున్నాను.

మొదటిది, లైసెన్సు తిరిగి రాయించే నియమాన్ని ఎవరు సడలించాలన్నా మనం వద్దనాలి. 2018లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నియమాన్ని సమర్థించింది. తుపాకీ కలిగి ఉండటం ప్రాథమిక హక్కు కాదని కూడా చెప్పింది. ఆత్మరక్షణ కారణాన్నే తీసివేయాలన్న 2021 నాటి ముసాయిదా చట్టం కాలేదు. దాని మీద మనలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. అయిదేళ్ళకొకసారి లెక్క చెప్పడానికి ఎవరికి అభ్యంతరం?

రెండవది, పోలీసు గిడ్డంగులను బయటివారు లెక్కపెట్టాలి. స్వాధీనం చేసుకున్న తుపాకులను సాక్షుల ఎదుట కరిగించాలి.

మూడవది, తల్లులారా, ఇది మీకు. 1998 నాటి గృహహింస చట్టం కింద, భర్త తుపాకీతో బెదిరించినా, అతని చేతిలో తుపాకీ ఉండటం ఇంటివారికి ప్రమాదమని తోచినా, మేజిస్ట్రేటు దానిని తీయించవచ్చు. చాలామంది ఆడవాళ్ళు కోర్టులో దెబ్బల గురించి చెప్తారు గాని బీరువాలో ఉన్నదాని గురించి చెప్పరు. పరువు పోతుందని పెద్దలు నోరు నొక్కుతారు. అడగవలసిన మొదటి ప్రశ్న అదే కావాలి.

నాలుగవది, ఇంట్లో పెద్దవారు కాలం చేసినప్పుడు వారి తుపాకీ నగలాగ వారసులకు దక్కదు. కర్మలు అయినాక పోలీసు స్టేషనుకు వెళ్ళి సంగతి తేల్చుకోవాలి. 2019 డిసెంబరులోను, 2020 ఆగస్టులోను మొదలైన క్షమాభిక్ష గడువులలో ఇలాంటి పాత తుపాకులు ఎన్నో తిరిగి వచ్చాయి. అలాంటి గడువులు మళ్ళీ మళ్ళీ రావాలని ప్రభుత్వానికి మనం రాయాలి.

అయిదవది మన చేతిలోనే ఉంది. మన గుడికి, ఈ హాలుకు, మన తరగతి గదికి తుపాకీ తేకూడదని తీర్మానం చేసి గుమ్మం మీద బోర్డు పెట్టుకుందాం. పెళ్ళిలో నడుముకు పిస్తోలు కట్టుకు తిరిగేవారిని చూసి పిల్లలు మురిసిపోతున్నారు. ఆ మురిపెం మన దగ్గర నేర్చుకున్నదే.

నా మాట కొందరికి రుచించకపోవచ్చు. మీ ఇంటి మీద దొంగలు పడితే మీరు వస్తారా మాస్టారూ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. గేటు దగ్గర కాపలాకు పిలవండి, ఈ వయసులోనూ వస్తాను. నా చేతిలో తుపాకీ మాత్రం ఉండదు. ఒకటి పోగొట్టుకున్నవాణ్ణి, రెండవది కొనలేను.

ఆ పిల్లవాడు ఈ రోజు మన నాట్య బృందంలో ఉన్నాడు. వాడి తండ్రిగారితో మాట్లాడాను. ఆయన కోపగించుకోలేదు, ఆలోచిస్తానన్నారు. మిమ్మల్ని కోరేది కూడా అంతే. ఈ రాత్రి ఇంటికి వెళ్ళి బీరువా తెరిచి చూసి, ఆలోచించండి.