యండమూరివారి రచనలు – మన గ్రంథాలయము
(వార్షిక మహాసభయందలి ఉపన్యాసము)



సికింద్రాబాదునందు సభ తీర్చి, ఈ పురమునుండి వెలువడిన ఆంధ్రభూమి వారపత్రికను స్మరింపకుండుట మాకు సాధ్యము కాదు. యండమూరి వీరేంద్రనాథ్ గారి తులసిదళము అందే ధారావాహికముగ ప్రకటితమై వారము వారము పాఠకులను భయపెట్టినది. చేతబడిని గూర్చిన యా కథ మూఢవిశ్వాసములను పెంచినదను నింద కలదు. ఆ నిందయందు కొంత సత్యము లేకపోలేదు.

అంతమాత్రమున మన విద్యార్థి వసతిగృహ గ్రంథాలయమున వారి గ్రంథములే వలదను పెద్దలతో మేము ఏకీభవింపజాలము. అభిలాషను చూడుడు. మరణశిక్ష కూడదని నమ్మిన న్యాయవాది ఒకడు, ఆ శిక్షయందలి దోషమును లోకమునకు చూపుటకై, హత్యానేరమును తానే మీద వేసికొని ఉరికంబము దాపునకు పోవును. తరువాత నేమగునోయను ఆతురతతో పుటలు త్రిప్పుచుండగనే వాదము మనసున నాటుకొనును. వట్టి వ్యాసమైనచో నెందరు చదివెడివారు? 1983లో అది చలనచిత్రము కాగా, అక్షరము రానివారికిని ఆ ప్రశ్న చేరినది.

వీరు చార్టర్డ్ అకౌంటెంటు పరీక్షయం దుత్తీర్ణులు. విజయానికి ఐదు మెట్లు మొదలగు కథేతర గ్రంథములందు ఆ లెక్కలవాని సూటిదనము కనబడును.

కావున దాతలకు మా మనవి యిది: తులసిదళమును కావలసిన బీరువాలోనుంచి తాళము వేయుడు, అభిలాషను, ఐదు మెట్లను మాత్రము ఈ యేటి పుస్తకనిధితో కొని, మన బాలబాలికల చేతి కందనిండు.